గుడి అడిగిన పేరు

నుదుటి మీది నామం కడుక్కోకుండానే వచ్చి నాగూర్ వలి పీట మీద కూర్చున్నాడు.

బషీరున్నీసా కంచం పెట్టింది. చెంబుతో నీళ్ళు పెట్టింది. జొన్నన్నం కుండ ముందు గొంతుక్కూర్చుని మొగుడి మొహం వంక చూసింది. గరిటె కుండలోనే ఉండిపోయింది.

"పెట్టు," అన్నాడు.

"ఎవరికి పెట్టమంటావు?"

"అదేం మాట?"

"పొద్దున ఈ ఇంట్లోంచి నాగూర్ వలి అని ఒకాయన గుడికి పోయాడు. తిరిగొచ్చింది ఎవరో తెలియక అడుగుతున్నా. నాగులయ్య గారా?"

నాగూర్ వలి కంచం వైపు చూశాడు. "ఆ మాట నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? నువ్వు గుడి మెట్లు దిగకముందే కుమ్మరి బజారు దాకా వచ్చింది. ధర్మకర్త గారు పేరు పెట్టాడంట, అర్చకులు గారి చేత నామం దిద్దించాడంట. నువ్వు తలొంచుకుని కూర్చున్నావంట."

గోడవారగా నులక మంచం మీద పడుకున్న హజ్రా బీ కదిలింది. కొడుకు నుదురు ఆమెకి ఆనదు. చూపు తగ్గి చానా కాలమైంది. కానీ చెవులకి ఏ లోపమూ లేదు.

"నామం పెట్టుకుంటే తప్పేందే?" అంది. "మీ మామ పెట్టుకోలా?"

"పెట్టుకున్నాడత్తా. అర్చకులు గారు తీర్థమిచ్చి బొట్టు పెడితే కళ్ళకద్దుకుని పెట్టించుకున్నాడు. ఇంటికొచ్చి మొహం కడుక్కుని, అదిగో, ఆ మూలే నమాజు చేసుకున్నాడు. రెంటికీ ఆయనకేం తగాదా లేదు. అప్పుడెవరూ ఆయన్ని పేరు మార్చుకుని రమ్మనలా."

ముసలామె గోడ వైపు తిరిగి పడుకుంది.

"నేను ఔననలేదు," అన్నాడు నాగూర్ వలి.

"కాదన్నావా?"

అతను చెంబు ఎత్తి నీళ్ళు తాగాడు.

బషీరున్నీసా కుండ మీద మూత పెట్టింది.

*

వావిలిపాలెంలో రాములోరి కల్యాణానికి సన్నాయి వాయించేది వాళ్ళ ఇల్లే. నాగూర్ వలి తాత వాయించాడు, తండ్రి వాయించాడు. అందుకని గుడి మాన్యంలో ఒక చెక్క పొలం, దాని పక్కనే ఇల్లు కట్టుకోను జాగా ఇచ్చారు. ఈ నాపరాళ్ళ అరుగు, ఈ పెంకుటిల్లు ఆ జాగాలోవే. తెల్లవారు జామున గుడి ముందు భూపాలం, సాయంత్రం పవళింపు సేవ, మధ్యలో ఊళ్ళో పెళ్ళిళ్ళు. అన్న సన్నాయి, తమ్ముడు మీరా సాహెబ్ డోలు. గురజాల నుంచి దుర్గి దాకా వాళ్ళ మేళం తెలియని ఊరు లేదు.

ఈ యేడు వేసవితో పాటు ఇంకోటి కూడా వచ్చింది. కృష్ణ అవతల నైజాంలో రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్నారు. ఇల్లు కాలినవాళ్ళు, మనిషి పోయినవాళ్ళు పుట్లెక్కి ఏరు దాటి పల్నాట్లోకి వస్తున్నారు. కొందరు వావిలిపాలెం సత్రంలో దిగారు. వాళ్ళ ఏడుపు విన్న ఊరికి కోపం వచ్చింది. ఆ కోపం ఏరు దాటి పోలేదు. ఊళ్ళోనే తిరిగి తిరిగి తురకల గడపల ముందు ఆగింది.

ధర్మకర్త చెన్నకేశవులు గారు పొద్దున చెప్పింది సూటిగానే చెప్పాడు. ఎల్లుండి కల్యాణానికి తురక పేరున్నవాడు పందిట్లో కూర్చోకూడదు. అన్న నాగులయ్య, తమ్ముడు మీరయ్య అని పదిమంది ముందు చెప్పుకుంటే లోపలికి రావచ్చు. లేకపోతే మాన్యం ఒదులుకోవాలి. వేరే మేళం పిలుద్దామా అంటే నవమి రోజున పల్నాడు మొత్తంలో ఖాళీగా ఉన్న సన్నాయి దొరకదు. ఆయనకి వాళ్ళ వాయిద్యం కావాలి. పేరు మాత్రం అక్కర్లేదు.

*

మీరా సాహెబ్ వచ్చేసరికి అన్న ఇంకా పీట మీదే ఉన్నాడు. కంచం ఖాళీగా ఉంది.

"తిన్నావా అన్నా?"

"మీ వదిన పెట్టలా."

మీరా సాహెబ్ వదిన వంక చూసి, తల తిప్పుకుని గడపలోనే కూర్చున్నాడు. అతని నుదుటి మీద కూడా నామం ఉంది.

"నేను ఒప్పుకుని వచ్చా," అన్నాడు. "చెప్పటానికే వచ్చా. నువ్వు తేల్చకుండా లేచొచ్చావు. నేను కేశవులు గారి దగ్గరికి మళ్ళీ పోయి, సరే బాబుగారూ అని చెప్పొచ్చా."

"నన్నడక్కుండానా?"

"నిన్నడిగితే నువ్వు వదిన్ని అడుగుతావు. వదినేమంటదో నాకు తెలుసు."

"తెలిస్తే ఈ మొహం పెట్టుకుని నా గడపలో ఎట్టా కూర్చున్నావయ్యా?" అంది బషీరున్నీసా.

"ఎట్టా కూర్చున్నానా? భయంతో కూర్చున్నా వదినా." మీరా సాహెబ్ గొంతు పెంచలేదు. "మొన్న రెంటచింతల దోవలో గాజులమ్ముకునే అహ్మద్‌ని పట్టుకుని కొట్టారు. ఏం చేశాడు వాడు? పేరడిగితే చెప్పాడు. అంతే. చెయ్యి విరిగింది. నా పెళ్ళాం ఫాతిమా నిండు నెలల మనిషి. రేపు మంత్రసానిని పిలవాలన్నా, బావిలో చేద వేయాలన్నా ఈ ఊరే దిక్కు. పేరేముంది, ఒక కూత. కూత మార్చితే ప్రాణాలు నిలుస్తయ్యంటే మార్చుకోమా?"

"నీ బిడ్డ పుట్టినాక ఏం పేరు పెడతావు?"

మీరా సాహెబ్ గడప మీది మట్టిని వేలితో గీరాడు.

"చెప్పు. వాడికి కూడా కేశవులు గారే పెడతాడా? వాడికి పెళ్ళి ఎట్టా చేస్తావు, ఎవరింట్లో చేస్తావు? నువ్వు పోతే నిన్ను పూడ్చాలా, కాల్చాలా? ఎవర్నడగాలి మేము?"

"బషీరా," అన్నాడు నాగూర్ వలి.

"నన్ను ఆపబాక. పొద్దున అక్కడ ఆపాల్సింది నువ్వు."

"మసీదు వాళ్ళన్నా మన పక్కన నిలబడతారా?" మీరా సాహెబ్ మళ్ళీ అన్నాడు. "ఊళ్ళో ఈ మాట మొదలవగానే, మొన్న గురజాల పోయి పెద్దల్ని అడిగొచ్చా. గుడిలో వాయించేవాళ్ళు మీరు, మీ తగువు గుడితోటే తేల్చుకోండన్నారు. ఇటూ లేదు, అటూ లేదు. మనమెవరం వదినా?"

"సన్నాయోళ్ళం," అంది మంచం మీంచి హజ్రా బీ. "షేకులం. రాములోరి సన్నాయి వాయించే షేకులం. అంతకంటే ఏం కావాలిరా?"

"ఆ మాట ఇప్పుడెవరూ వినరమ్మా." మీరా సాహెబ్ లేచాడు. "అన్న వస్తే రానీ. రాకపోతే నేనొక్కణ్ణే డోలేసుకుని పోతా. నాకు ఈ ఊళ్ళో బతకాలని ఉంది."

అతను పోయాడు. మూత పెట్టిన కుండ మీద ఈగ ఒకటి తిరుగుతోంది. దాన్ని ఎవరూ తోలలేదు.

*

ఎండ కాస్త వాలాక వాకిట్లో ఎవరో ఆడమనిషి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. పిలవనూ లేదు. బషీరున్నీసా చూసి బయటికొచ్చింది.

సత్రంలో ఉంటున్న వరలక్ష్మి. ఏరవతల నుంచి వచ్చిన మనిషి. కళ్ళ ముందే మొగుణ్ణి చంపారని ఊరంతా చెప్పుకుంటారు. పొద్దున గుడి పందిట్లో చెన్నకేశవులు గారు ఈమెని చూపించే, ఈ తల్లి మొహం చూసి కూడా తురక సన్నాయి ఎట్టా పెట్టమంటారు అన్నాడట.

"సన్నాయి వాయించేటాయన ఇల్లు గిదేనా అక్కా?"

"ఇదే."

"ఒక మాట చెప్దామని వచ్చిన." వరలక్ష్మి కొంగు బిగించి పట్టుకుంది. "నా పేరు చెప్పి చేస్తున్నరు. నేను చెయ్యమనలే. నన్నెవరూ అడగనన్న అడగలే."

"ఇప్పుడొచ్చి చెబితే ఏం లాభం? ఆ మాట పందిట్లో అనాల్సింది."

"అనాల్సిందే. నోరు రాలే."

"మా పేరు మారితే నీ మొగుడు లేచొస్తాడా?"

అనేశాక బషీరున్నీసా నాలుక కరుచుకుంది. వరలక్ష్మి మొహం తెల్లబోయింది. లోపల్నుంచి నాగూర్ వలి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. అతన్ని చూడగానే వరలక్ష్మి అడుగు వెనక్కి వేసింది.

"గిదే అక్కా," అంది. "అబద్ధం చెప్పను. ఆయన పేరు ఇంటే నా ఒళ్ళు వణుకుతది. మా ఆయనను గుంజుకపోయినోళ్ళ పేర్లు గిట్లనే ఉండె. మీ వాకిట్ల నిలబడటానికి గంటసేపు బజార్ల తిరిగిన."

"అయితే నేను రావొద్దంటావా తల్లీ?" నాగూర్ వలి అడిగాడు. నిజంగానే అడిగాడు. వద్దంటే మానేసేటట్టున్నాడు.

వరలక్ష్మి చూపు నేల మీదే ఉంచింది.

"నువ్వు నాగులయ్యవని చెప్తే నాకు వణుకు తగ్గుతదా? నువ్వెవరో నాకు తెల్వదా? వణికేది నేను. పేరెందుకు మార్చుకోవాలె నువ్వు?" అంది. "నా పెనిమిటి చావును వాళ్ళు దేనికో వాడుకుంటున్నరు. అది నాకు మంచిగ అనిపిస్తలేదు. గదే చెప్దామని వచ్చిన."

"లోపలికి రా," అంది బషీరున్నీసా. ఆమె గొంతు మెత్తబడింది. "ఎండన పడి వచ్చావు. మంచినీళ్ళు తాగు."

వరలక్ష్మి ఇంట్లోకి తొంగిచూసింది. తల అడ్డంగా ఊపింది.

"వద్దక్కా. ఇంకా గంత ధైర్యం రాలే."

వచ్చిన దారినే పోయింది. మూల తిరిగేదాకా బషీరున్నీసా చూస్తూ నిలబడింది.

వెనక్కి తిరిగేసరికి నాగూర్ వలి పెరట్లో గోలెం దగ్గరున్నాడు. రెండు చేతులతో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కుంటున్నాడు. తిరునామం గట్టిగా అంటుకుంది. అరచేత్తో రుద్ది రుద్ది కడిగాడు. తరవాత మోచేతుల దాకా కడుక్కున్నాడు, కాళ్ళు కడుక్కున్నాడు. లోపలికొచ్చి చాప పరుచుకున్నాడు.

అతని నమాజు అయ్యేదాకా బషీరున్నీసా పలకరించలేదు. అయ్యాక కుండ మీద మూత తీసింది.

"ఎల్లుండి పోతావా?"

"పోతా."

"ఏ పేరుతో?"

"నాకు ఉన్నది ఒకటేగా," అన్నాడు.

*

నవమి రోజున పొద్దు నడినెత్తికి రాకముందే నేల కాలిపోతోంది. గుడి ప్రహరీ లోపల తాటాకు పందిరి. మామిడి తోరణాలు. పందిట్లో ఊరంతా ఉంది. బిందెలతో పానకం కలుపుతున్నారు. మీరా సాహెబ్ తెల్లారకముందే డోలు తీసుకుని పోయాడని, పందిట్లో నిలబడి నేను మీరయ్యనని చెప్పాడని ఫాతిమా వచ్చి తోడికోడలితో చెప్పింది. చెప్పి, కడుపు పట్టుకుని అత్త మంచం పక్కన కూలబడింది.

నాగూర్ వలి ఉతికిన పంచె కట్టాడు, సిల్కు ఉత్తరీయం వేశాడు. తండ్రి చనిపోయాక తనకొచ్చిన సన్నాయి తీసుకున్నాడు. ఎప్పుడూ శ్రుతి పట్టే జక్కయ్య ఆ రోజు రాలేదు. జ్వరమని కబురు పంపాడు. బషీరున్నీసా నెత్తిన కొంగు కప్పుకుని శ్రుతి పెట్టె చంకనెత్తుకుంది.

"నువ్వా?" అన్నాడు.

"నడువు."

గుడి వాకిట్లో చెన్నకేశవులు గారు పట్టుపంచె కట్టుకుని నిలబడి ఉన్నాడు. చెడ్డమనిషని ఊళ్ళో ఎవరూ అనరు. కరువు నాడు సొంత గాదె విప్పి గింజలు పెట్టినవాడు. నాగూర్ వలి పెళ్ళి ఊరేగింపులో ముందు నడిచినవాడు.

"వచ్చావు. సంతోషం," అన్నాడు. "నుదురు ఖాళీగా ఉందే? సరే, లోపల పెట్టిస్తాలే. ముందు పేరు చెప్పి లోపలికి రా."

"షేక్ నాగూర్ వలి."

పందిట్లో మాటలు సద్దుమణిగాయి.

"మా నాయన షేక్ దస్తగిరి. మా తాత షేక్ మస్తాను. ఇద్దరూ ఈ మెట్ల మీద ఈ పేర్లతోటే వాయించారు బాబుగారూ."

"ఇంకోసారి అడుగుతున్నా వలీ. ఆలోచించుకో."

"వలీ అనే పిలుస్తున్నారుగా మీరు కూడా."

చెన్నకేశవులు గారి మొహం ఎర్రబడింది. "ఏరవతల ఏం జరుగుతుందో తెలుసా నీకు?"

"తెలుసు. చేసినోళ్ళు పాపిష్టోళ్ళు. వాళ్ళు నా చుట్టాలు కాదు. నాకు ఏరవతల ఎవరూ లేరు. ఉన్నదంతా ఈ ఊళ్ళోనే ఉంది. మీరూ ఇక్కడే ఉన్నారు."

"మాటలు నేర్చావు. ఆ పేరుతో గుమ్మం దాటటానికి లేదు."

"దాటను. ఇక్కడే నిలబడతా. బజారు అందరిదీ."

అతను వెనక్కి రెండడుగులు వేసి వాకిటికెదురుగా ఎండలో నిలబడ్డాడు. పక్కన బషీరున్నీసా. ఎవరో నవ్వారు. ఎవరో బూతు మాట అన్నారు. ఆమె శ్రుతి పెట్టె కింద పెట్టి, దాని పక్కనే కాలే నేల మీద కూర్చుంది.

లోపల జీలకర్ర బెల్లం అయింది. అర్చకులు శేషాచార్యులు గారు మంగళసూత్రం రెండు చేతులా ఎత్తి పందిట్లో అందరికీ చూపించాడు. జనం అక్షింతలు పట్టుకుని లేచారు.

"మేళం," అన్నాడు అర్చకుడు.

"మీరయ్యా, కానీ," అన్నాడు చెన్నకేశవులు గారు.

డోలు మోగలేదు.

"మీరయ్యా."

మీరా సాహెబ్ డోలు ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో పుల్ల ఉంది. పిలుపు వినపడలేదనటానికి లేదు, పక్కనే ఉన్నాడు. అతని చూపు వాకిటి మీదుంది. ఎండలో నిలబడ్డ అన్నని, నేల మీద కూర్చున్న వదిన్ని చూస్తున్నాడు.

"ఒరేయ్, నిన్నే. ముహూర్తం దాటిపోతోంది."

మీరా సాహెబ్ లేచాడు. డోలు తోలుపట్టీ భుజాన వేసుకున్నాడు.

"పొద్దున తప్పు చెప్పా బాబుగారూ," అన్నాడు. "నా పేరు మీరా సాహెబు. ఇందాక మా తాత పేరు విన్నాక ఇంకొకటి చెప్పలేను. మన్నించండి."

జనం దారి ఇచ్చారు. కొందరు ఇష్టంతోనే ఇచ్చారు, కొందరు తాకుతాడేమోనని ఇచ్చారు. అతను వాకిలి దాటి అన్న పక్కన నిలబడ్డాడు. నాగూర్ వలి తమ్ముడి వంక చూడలేదు. సన్నాయి పీక పెదాల మధ్య తడి చేసుకుంటున్నాడు.

పందిట్లో అంతా శేషాచార్యులు గారి వంక చూశారు. ముసలాయన చేతుల్లో సూత్రం అలాగే ఉంది. చెన్నకేశవులు గారు కోపంగా, "మేళం లేకుండానే కానివ్వండి," అన్నాడు.

"మేళం లేకుండా నేనెప్పుడూ కట్టలేదు కేశవులూ," అన్నాడు ఆయన. ఆ మాట నెమ్మదిగానే అన్నాడు. తరవాత వాకిలి వైపు తిరిగి, బజారు దాకా వినిపించేటట్టు, "నాయనా, కానివ్వండి," అన్నాడు.

డోలు మోగింది. సన్నాయి అందుకుంది. ప్రహరీ అవతల్నుంచి వచ్చిన గట్టిమేళంలో రాములోరికి పెళ్ళయింది. అక్షింతలు వేసినవాళ్ళు వేశారు. కొందరు గుప్పిట్లో ఉన్నవి అక్కడే పారబోసి లేచిపోయారు. ఆడవాళ్ళ గుంపులో వరలక్ష్మి స్తంభం పట్టుకుని నిలబడింది. ఆమె చెయ్యి వణుకుతూనే ఉంది. మేళం ఆగేదాకా కదలలేదు.

*

చెన్నకేశవులు గారు బజార్లోకి వచ్చి చెప్పిన మాట అందరూ విన్నారు.

"సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యండి. గుడి జాగా గుడికి కావాలి."

బషీరున్నీసా లేచి కోక దులుపుకుంది.

"మా మామకి ఇచ్చిన జాగా బాబుగారూ. ఆయన వాయించినందుకు ఇచ్చారు. ఇవాళ మేమూ వాయించాం."

"ఖాళీ చెయ్యకపోతే పెంకులు దింపిస్తా."

"దింపించండి. కప్పు లేని ఇంట్లో కూడా ఉంటాం."

అన్నంత పనీ చేశాడు. పొద్దు వాలే వేళకి పాలేళ్ళు బండి తోలుకుని నిచ్చెన, గునపాలు వేసుకుని బజారు పై కొసన కనిపించారు. వాళ్ళలో ఇద్దరి పెళ్ళిళ్ళకి నాగూర్ వలి డబ్బు పుచ్చుకోకుండా వాయించాడు. వాళ్ళు తలొంచుకుని నడుస్తున్నారు. అయినా నడుస్తున్నారు.

హజ్రా బీ మంచం మీంచి లేవనంది. "నన్ను దింపాలంటే మంచంతో పాటు దింపమను," అంది. ఫాతిమాకి నొప్పులు మొదలయ్యాయేమోనని మీరా సాహెబ్ గుమ్మంలోకీ బయటికీ తిరుగుతున్నాడు. మంత్రసానికి కబురు పోయింది. వస్తానని గానీ రానని గానీ ఆమె చెప్పి పంపలేదు.

అప్పుడే బజారు కింది కొసన జనం అలికిడి అయింది. పెళ్ళయిన దేవుడి పల్లకి ఊరేగింపుకి బయల్దేరింది. ఈ బజారు తప్పించి తీసుకుపొమ్మని చెన్నకేశవులు గారు గట్టిగా చెప్పాడట. బోయీలు విన్నారో లేదో, పల్లకి ఇటే తిరిగింది. ముందు దివిటీ లేదు, మేళం లేదు. గొడుగు పట్టుకుని శేషాచార్యులు గారొక్కడే నడుస్తున్నాడు. ఆయన వెనక చెన్నకేశవులు గారు చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు.

నాగూర్ వలి ఇటు బండిని చూశాడు. అటు పల్లకిని చూశాడు. ఏ వైపు పోవాలో తెలియక అరుగు మీద నిలబడిపోయాడు.

బషీరున్నీసా లోపల్నుంచి సన్నాయి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నువ్వు పోయి వాయించు," అంది. "వీళ్ళతో నేను మాట్లాడతా."

అతను అరుగు దిగి పల్లకికి ఎదురు నడిచాడు. ఆమె గడప మీద కూర్చుని రెండు చేతులతో ద్వారబంధం రెండు వైపులా పట్టుకుంది. బండి వచ్చి అరుగు ముందు ఆగింది.